వేసవి ఎండను తట్టుకునే పారుడు టీకా కావాలి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పశుసంవర్ధక శాఖల సంచాలకులకు, టీకాల కొనుగోలు కమిటీ సభ్యులకు, పశువుల టీకాలు తయారుచేసే సంస్థల బాధ్యులకు,

నమస్కారం.

గొర్రెలకు, మేకలకు వచ్చే, కాగితాల మీద పీపీఆర్ అని రాసే అంటుజబ్బును మన గొల్లకురుమలు పారుడు రోగం అంటారు. 2030 నాటికి దీన్ని భూమ్మీద లేకుండా చేయాలని 2015లో అబిద్‌జాన్ సమావేశంలో నిర్ణయం జరిగింది. మన దేశమూ అదే గడువు పెట్టుకుంది. 2019 పశుగణన ప్రకారం దేశంలో ఉన్న గొర్రెలు 7.43 కోట్లు. అందులో 1.91 కోట్లు తెలంగాణవి, 1.76 కోట్లు ఆంధ్రప్రదేశ్‌వి. దాదాపు సగం గొర్రెలు మన రెండు రాష్ట్రాల్లోనే ఉన్నాయి. ఇక్కడ పని కాకపోతే దేశంలో అయ్యే మాట లేదు. గడువు చూస్తే ముంచుకొస్తోంది. అందుకే ఈ ఉత్తరం.

మేము అడిగేవి మూడు. మీరు కొనే పారుడు టీకా 40 డిగ్రీల వేడిలో కనీసం 5 రోజులు శక్తి నిలుపుకోవాలన్న షరతు టెండరులో పెట్టండి. 100 డోసుల సీసాలతో పాటు 25 డోసుల సీసాలు కూడా కొనండి. వేసిన డోసులు ఎన్ని అన్నదానితో ఆగకుండా, ఏడాదిలోపు గొర్రె, మేక పిల్లల రక్తంలో రక్షణ ఎంత తేలిందో చూసి పనిని కొలవండి. ఎందుకు అడుగుతున్నామో కింద వివరంగా రాస్తున్నాం.

టీకా లేక ఈ రోగం మిగిలిపోలేదు. 1987లో తమిళనాడు విల్లుపురం దగ్గర అరసూరులో ఇది మన దేశంలో మొదటిసారి బయటపడింది. ఆ తర్వాత మన శాస్త్రవేత్తలే మంచి టీకాలు తయారుచేశారు. హిమాచల్‌ప్రదేశ్‌లోని సుంగ్రిలో దొరికిన వైరస్‌ను భారతీయ పశువైద్య పరిశోధన సంస్థ ముక్తేశ్వర్ కేంద్రంలో బలహీనపరిచి సుంగ్రి-96 తెచ్చారు. చర్మం కింద ఒక్క మిల్లీలీటరు సరిగ్గా పడితే కనీసం మూడేళ్లు రక్షణ ఉంటుంది. ఆఫ్రికా దేశాల్లో వాడే నైజీరియా 75/1 కూడా అంతే గట్టిది. ఈ వైరస్‌లో వంశాలు నాలుగు ఉన్నా సీరోటైపు, అంటే ఒంటి రక్షణ వ్యవస్థ గుర్తుపట్టే రకం, ఒక్కటే కాబట్టి, ఏ వంశంతో చేసిన టీకా అయినా అన్నిటినీ ఆపుతుంది. గాలికుంటుకైతే ఓ, ఏ, ఏషియా-1 మూడు రకాలకూ టీకా కలపాలి, పొలంలో తిరిగే వైరస్‌కు అది సరిపోతోందో లేదో ఎప్పటికప్పుడు చూసుకోవాలి, ఆరు నెలలకోసారి మళ్లీ సూది వేయాలి. పారుడు రోగంలో ఆ బాధలేవీ లేవు. కోలుకున్న గొర్రె వైరస్‌ను ఒంట్లో దాచుకుని తిరగదు. బయటపడిన వైరస్ ఎండలో ఎక్కువసేపు బతకదు.

అయితే చిక్కంతా అక్కడే ఉంది. ఎండకు చచ్చేది రోగం తెచ్చే వైరస్ ఒక్కటే కాదు. సీసాలో ఉన్నది కూడా అదే వైరస్, బలహీనపరిచిన రూపంలో. అది గొర్రె ఒంట్లోకి బతికే వెళ్లాలి. చచ్చిన వైరస్ ఎంత పోసినా రక్షణ పుట్టదు. పైగా చచ్చిందో బతికిందో కంటికి కనిపించదు. మందు రంగు మారదు, వాసన రాదు, అడుగున మడ్డి పేరుకోదు.

లెక్క ఇది. ఒక డోసులో కనీసం 10 ఘాతం 2.5 టీసీఐడీ50, అంటే దాదాపు 316 సజీవ వైరస్ మోతాదులు ఉండాలి. మన దగ్గర కంపెనీ గేటు దాటేటప్పుడు డోసుకు 1,000 ఉండేలా చూస్తారు. ఈ రెంటి మధ్య ఉన్నదే మనకు మిగిలిన వెసులుబాటు. మూడింట రెండు వంతులు చచ్చేదాకా టీకా పనికొస్తుంది, ఆపైన పనికిరాదు. ఆ వెసులుబాటును జిల్లా కేంద్రంలో కరెంటు పోయిన ఒక రాత్రి కొంత తింటుంది. మండల ఆసుపత్రి ఫ్రిజ్ తలుపు రబ్బరు వదులైతే అది కొంత తింటుంది. బండి వెనక కట్టిన డబ్బాలో ఐస్ కరిగిపోయిన రెండు గంటలు ఇంకొంత తింటాయి. ఎవరూ తప్పు చేసినట్టు కనపడదు, కానీ మందకు చేరేసరికి సీసాలో అసలు ఏమీ మిగలకపోవచ్చు.

దీనికి మన ఎండాకాలం తోడవుతోంది. మన ప్రాంతంలో చాలా మందల్లో ఎక్కువ ఈతలు కార్తికం నుంచి పుష్యం దాకా జరుగుతాయి. తల్లికి రక్షణ ఉంటే జున్నుపాల ద్వారా పిల్లకూ వస్తుంది, మూడు నాలుగు నెలలు ఉంటుంది. ఆ లోపల టీకా వేస్తే తల్లి ఇచ్చిన యాంటీబాడీలే టీకా వైరస్‌ను చంపేస్తాయి. అందుకే నాలుగో నెల నిండాక వేయమంటాం. నవంబరు నుంచి జనవరి దాకా పుట్టిన పిల్లకు నాలుగు నెలలు నిండేది మార్చి నుంచి మే దాకా. అంటే రోహిణి కార్తె దాకా సాగే ఎండల్లోనే. పిల్లకు టీకా అత్యవసరమైన నెలలూ టీకా సీసాకు అతి ప్రమాదమైన నెలలూ ఒక్కటే. వానాకాలం దాకా ఆగుదామంటే ఆ పిల్లలు రెండు మూడు నెలలు ఏ రక్షణా లేకుండా సంతలకు, వలసలకు వెళతాయి.

వలస సంగతీ చూడాలి. పంట కోతలయ్యాక పాలమూరు వైపు మందలు కృష్ణా ఆయకట్టు పొలాలకు దిగుతాయి. ఎరువు కోసం రైతులు మంద కట్టించుకుంటారు. ఆ నెలల్లో సొంతూరి పశువైద్యశాల రిజిస్టరులో వందల జీవాలు ఉంటాయి, ఊళ్లో మాత్రం ఉండవు. ఉన్నచోటేమో ఆ ఊరి రిజిస్టరులో వాటి లెక్క ఉండదు. రెండు చోట్లా టీకా వేయాల్సిన మనిషి ఉన్నాడు, రెండు చోట్లా ఆ మంద తప్పిపోతుంది. మంద ఎక్కడ కట్టి ఉంటే అక్కడి సిబ్బందే వేసి, కాపరి చేతిలో కార్డు మీద తేదీ, బ్యాచ్ నంబరు రాసివ్వాలి. ఆ కార్డు చూపిస్తే ఏ ఊళ్లోనైనా లెక్కలోకి తీసుకోవాలి. దీనికి కొత్త పథకం అక్కర్లేదు, ఒక ఉత్తర్వు చాలు.

ఇక పొలంలో టీకా వేసే పద్ధతిని కొంచెం దగ్గరగా చూద్దాం. టెండరులో రాసే ప్రతి షరతూ చివరికి అక్కడే తేలుతుంది.

మంద మేతకు కదిలేది పొద్దున్నే. టీకా బృందం చీకటితోనే చేరాలి. వలల దొడ్డిలోంచి జీవాలను ఒక మూలకు నెట్టి, సన్నని సందు గుండా ఒక్కొక్కదాన్నే వదలాలి. వాక్యూమ్‌తో మూసిన సీసా అయితే సూది గుచ్చగానే పొడి టీకాలో కలపాల్సిన ద్రావకాన్ని దానంతట అదే లోపలికి లాక్కుంటుంది. లాక్కోకపోతే గాలి చొరబడిందన్నమాట, ఆ సీసా పక్కన పెట్టేయాలి. ద్రావకాన్ని కూడా ఐస్ మీద చల్లబరచాలి. చాలాచోట్ల మందును చల్లగా ఉంచి ద్రావకం సీసాను మాత్రం సంచిలో తెస్తారు. అది చేతికి వెచ్చగా తగులుతుంటే కలిపిన నిమిషం నుంచే నష్టం మొదలైనట్టు. ద్రావకం అయిపోయిందని బోరు నీళ్లో కుళాయి నీళ్లో కలపడం ఇంకా ఘోరం, క్లోరిన్ వైరస్‌ను చంపుతుంది. సిరంజిని స్పిరిట్‌తోనో డెట్టాల్‌తోనో కడిగితే ఆ తడికే టీకా చస్తుంది. నీళ్లలో మరగబెట్టి, చల్లార్చి వాడాలి.

కలిపిన టీకాను ఐస్ మీదే ఉంచి, నీడలో, రెండు గంటల్లోపు వాడేయాలి. మిగిలింది పారబోయాలి. ఆటోమేటిక్ సిరంజి వాడితే ముందుగా పదిసార్లు కొలతగాజులోకి నొక్కి 10 మిల్లీలీటర్లు వస్తున్నాయో లేదో చూడాలి. వాషరు అరిగిన సిరంజి 0.7 మాత్రమే ఇస్తుంది, వేసే మనిషికి తేడా తెలియదు. మెడ పక్కనో మోచేయి వెనకో చర్మాన్ని గుడారంలా పైకెత్తి గుచ్చాలి. సూది అవతలి వైపు పొడుచుకొస్తే మందు బొచ్చులోకి పోతుంది. సూది తీశాక వేలితో తడిమితే బొచ్చు తడిగా తగులుతుంది, అప్పుడు మళ్లీ వేయాలి. చూడి గొర్రెలకూ ఈ టీకా వేయవచ్చు, దాంతో ఈచుకుపోవు. నెలలు నిండిన దాన్ని కాళ్లు పట్టి కింద పడేస్తే మాత్రం ఈచుకుపోతాయి, నింద టీకా మీద పడుతుంది.

ఐస్ డబ్బా గురించి ఒక మాట. ఒకే డబ్బాలో పారుడు టీకాతో పాటు చిటుక రోగం టీకానో గాలికుంటు టీకానో పెట్టడం మామూలే. పారుడు టీకా ఆరబెట్టిన పొడి, గడ్డకట్టినా దానికేమీ కాదు. మిగతా రెండూ గడ్డకడితే పాడైపోతాయి. అప్పుడే ఫ్రీజర్ నుంచి తీసిన ఐస్ ప్యాక్‌ను ఆనించి పెడితే ఒకటి బతుకుతుంది, రెండోది చస్తుంది. ఈ తేడాను ఏ డబ్బా మూత మీదా ఎవరూ రాయడం లేదు.

ఇప్పుడు 100 డోసుల సీసా సంగతి. వంద జీవాల మందకు అది సరిపోతుంది. ఊళ్లో ఐదిళ్లలో తలా పన్నెండు మేకలుంటే ఏమవుతుందో చూడండి. మొదటి ఇంట్లో సీసా తెరిచి పన్నెండింటికి వేశాక ఇంకా 88 డోసులు ఉంటాయి. రెండో ఇంటి మేకలు అప్పటికే మేతకు పోయుంటాయి. సిబ్బందికి రెండే దారులు. రెండు గంటలు దాటాక మిగిలింది పారబోసి వృథా లెక్క రాయాలి, లేకపోతే మధ్యాహ్నం దాకా అదే సీసా తిప్పాలి. వృథా ఎక్కువైతే పైనుంచి మెమో వస్తుంది. అందుకని తిప్పుతారు. ఇది సిబ్బంది నిర్లక్ష్యం కాదు, సీసా కొలత చేయించిన పని. ఐదిళ్లకూ కలిపి 60 డోసులే పట్టినా, నిబంధన పాటిస్తే 40 పారబోయాల్సిందే. 25 డోసుల సీసాలైతే మూడు తెరిస్తే చాలు, ఒక్కొక్కటీ తెరిచిన గంటలోపే అయిపోతుంది. చిన్న సీసాకు డోసు ధర ఎక్కువ పడుతుందని మాకూ తెలుసు. పారబోసిన 40 డోసుల ధర, పనిచేయని డోసు వేసిన మేక ధర కూడా ఆ పక్కన రాసి పోల్చమని కోరుతున్నాం.

తయారీదారులకు ప్రత్యేకంగా చెప్పాల్సింది ఉంది. ఎండను తట్టుకునే టీకా కోసం కొత్త వైరస్ వెతకనక్కర్లేదు. 2011లో ప్రపంచం నుంచి తుడిచిపెట్టుకుపోయిన రిండర్‌పెస్ట్ అనే ఆవులు, గేదెల రోగాన్ని తలచుకోండి. పారుడు వైరస్‌కు అది దగ్గర చుట్టం. వాల్టర్ ప్లోరైట్ కెన్యాలో తయారుచేసిన టీకా ఎంతో గొప్పది, అయినా చల్లదనం లేకపోతే పనిచేసేది కాదు. తర్వాత జెఫ్రీ మారినర్ బృందం అదే టీకా వైరస్‌ను వీరో అనే కోతి మూత్రపిండ కణాల్లో పెంచి, ఆరబెట్టే పద్ధతిని సరిదిద్ది థెర్మోవాక్స్ తెచ్చింది. అది 37 డిగ్రీల్లో 30 రోజులు నిలిచింది. ఇథియోపియాలో అఫార్ ఎడారి పల్లెలకు ప్రభుత్వ బృందాలు వెళ్లలేకపోతే, అక్కడి పశువుల కాపరులకే శిక్షణ ఇచ్చి ఈ టీకా చేతికిచ్చారు. ఫ్రిజ్ లేని చోట రోగం ఆగింది. పారుడు టీకాలోనూ దారి తెలిసిందే. ట్రెహలోజ్ అనే చక్కెర కలిపి ఆరబెట్టిన నైజీరియా 75/1 టీకా 45 డిగ్రీల్లో 14 రోజులున్నా పెద్దగా శక్తి కోల్పోలేదని 2000లోనే తేలింది. ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ ప్రమాణం అంతకంటే సులువైనది. ఆరబెట్టిన టీకా 40 డిగ్రీల్లో 5 రోజులున్నాక కూడా డోసుకు 10 ఘాతం 2.5 మిగిలితే దాన్ని వేడిని తట్టుకునేదిగా ఒప్పుకుంటారు.

మరి ఎందుకు రావడం లేదు? ఆరబెట్టే యంత్రం సమయం ఖరీదు. సీసాలో తేమ తగ్గేకొద్దీ టీకా వేడికి ఓర్చుకుంటుంది. తేమ తగ్గాలంటే రెండో విడత ఆరబెట్టడం గంటల కొద్దీ పెంచాలి. ఆ గంటల్లో అదే యంత్రం మీద ఇంకో బ్యాచ్ తీయవచ్చు. టెండరులో ఎవరు తక్కువ ధర రాస్తే వారికే పని అన్నప్పుడు, ఎక్కువసేపు ఆరబెట్టిన కంపెనీ ఓడిపోతుంది. మంచి టీకా చేయగలిగినవాళ్లను మనమే వద్దంటున్నాం. కొనుగోలు కమిటీలు ఈ ఒక్క షరతు మారిస్తే తయారీ తనంతట తానే మారుతుంది. హైదరాబాద్ చుట్టుపక్కల ఇంతమంది టీకా తయారీ నిపుణులున్నారు, ఇది వాళ్ల చేతకాని పనేమీ కాదు.

బ్యాచ్ పరీక్షల్లోనూ రాజీ పడకండి. కణాలను పెంచడానికి వాడే దూడ సీరం ద్వారా పెస్టివైరస్‌లు అనే పశువుల వైరస్‌లు టీకాలోకి చొరబడే ప్రమాదం ఉంది. మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవి సంగతీ అంతే. కంపెనీ ఇచ్చే సర్టిఫికెట్‌తో పాటు స్వతంత్ర ప్రయోగశాలలో కూడా చూపించాలి. ఆఫ్రికా దేశాలన్నిటి కోసం ఇథియోపియాలో ఆఫ్రికన్ యూనియన్ నడిపే పాన్‌వాక్ చేసేది ఇదే. మన రాష్ట్రాలు ఇంకో అడుగు వేయాలి. గిడ్డంగి నుంచే కాకుండా, మే నెలలో మండల ఫ్రిజ్ నుంచి, టీకా బృందం ఐస్ డబ్బా నుంచి కూడా సీసాలు తీసి టైటర్, అంటే బతికున్న వైరస్ ఎంత ఉందో చూడాలి. నష్టం ఏ మెట్టు మీద జరుగుతోందో అప్పుడే తెలుస్తుంది.

మూడో కోరిక, కొలత. నివేదికల్లో నూటికి తొంభై వేశామని రాస్తారు. మందలో వందకు 80 జీవాలకు రక్షణ వచ్చిందే అనుకుందాం. ఏడాదిలో 40 అమ్ముడై, వాటి స్థానంలో 40 పిల్లలు ఎదిగాయనుకుందాం. అమ్ముడైన వాటిలో 32 రక్షణ ఉన్నవే. మందలో ఇంకా వందా ఉంటాయి, రక్షణ మాత్రం 48కి పడిపోతుంది. ఆవుల మందలా గొర్రెల మంద ఏళ్ల తరబడి ఒకేలా ఉండదు. కాబట్టి అన్నిటికీ ఏటా మళ్లీ మళ్లీ వేయడం కన్నా, మొదటి విడతలో అన్నిటికీ వేసి, ఆపైన ఏటా నాలుగు నెలలు నిండిన పిల్లలన్నిటికీ తప్పకుండా వేయడం మేలు. కాపరికి కూడా ఇది నప్పుతుంది, ముదురు గొర్రెలను ఏటా పట్టి పొడిపించడం అతనికి ఇష్టం ఉండదు.

రక్తపరీక్ష వయసుల వారీగా చేయాలి. పళ్లు చూస్తే చాలు. పాలపళ్లవి ఒక గుంపు, రెండు పళ్లవి ఒక గుంపు, నాలుగు పళ్లూ ఆపైనవి ఒక గుంపు. టీకా వేసే రోజు కొన్నిటి రక్తం, నెల తర్వాత అవే జీవాల రక్తం తీసి, యాంటీబాడీలను పట్టే ఎలైజా పరీక్షలో చూడాలి. మొదటి రోజు లేని రక్షణ నెలకు వస్తే టీకా పనిచేసినట్టు. పాలపళ్ల గుంపులో రాకపోతే సీసానో, సూదినో, వయసునో అనుమానించాలి. మొదటి రోజే రక్షణ ఉన్న ముదురు గొర్రెలను కలిపి సగటు వేస్తే అంకె బాగా కనిపిస్తుంది, రోగం మాత్రం పిల్లల్లో తిరుగుతూనే ఉంటుంది. బెంగళూరులోని పశురోగాల పరిశోధన సంస్థ నివేదికి ఈ పనిలో అనుభవం ఉంది. జిల్లాల లెక్కలు వాళ్లకు పంపి, వచ్చిన ఫలితాన్ని ఆ మండల సిబ్బందికీ కాపరులకూ చెప్పాలి. ఇప్పుడు రక్తం ఇచ్చిన కాపరికి ఆ ఫలితం ఏమైందో చెప్పే దిక్కు లేదు.

ఈ ఎలైజాకు ఒక లోటు ఉంది. రక్తంలోని యాంటీబాడీ టీకాతో వచ్చిందా, రోగంతో వచ్చిందా అన్నది ఇప్పటి టీకాలతో విడదీసి చెప్పలేం. రోగం పోయిందని రుజువు చేయాల్సిన రోజున ఇది పెద్ద అడ్డంకి. అప్పుడు టీకా ఆపి, ఆ తర్వాత పుట్టిన పిల్లల రక్తం చూడటం తప్ప దారి ఉండదు. రిండర్‌పెస్ట్‌లోనూ టీకా ఆపాకే రుజువు దొరికింది. 1995లో చివరి కేసు కనిపిస్తే, మన దేశానికి పూర్తి విముక్తి గుర్తింపు 2006లో వచ్చింది. ఈ తేడా తెలిసేలా గుర్తు పెట్టిన కొత్త టీకాల మీద ప్రయోగశాలల్లో పని నడుస్తోంది. గొర్రె బొబ్బరోగం వైరస్‌లో పారుడు వైరస్ ప్రోటీన్‌ను చేర్చి ఒకే సూదితో రెండు రోగాలూ ఆపే ప్రయత్నం అందులో ఒకటి. మన ప్రాంతానికి ఇది ఊరించే ఆలోచనే. కానీ బొబ్బరోగం టీకా ముందే పడిన గొర్రెలో మోసుకొచ్చే ఆ బొబ్బరోగం వైరస్‌ను శరీరం ఎదుర్కొంటుంది, పారుడు భాగానికి రక్షణ తగ్గవచ్చు. మన మందల్లో ఆ టీకా వాడుక ఉంది కాబట్టి, పరీక్షలు ఇక్కడి గొర్రెల మీదే, దక్కని, నెల్లూరు జాతుల మీదే చేయించాలి. అది వచ్చేదాకా ఆగుదామన్న ఆలోచన మాత్రం వద్దు.

చివరిగా కాపరుల నమ్మకం గురించి. టీకా వేశాకే చచ్చాయి అన్న మాట ప్రతి జిల్లాలో వినపడుతుంది. అది అబద్ధం కాదు. వైరస్ సోకాక జ్వరం, ముక్కు చీమిడి, నోటిపూత, పారుడు బయటపడటానికి మూడు నుంచి ఆరు రోజులు పడుతుంది. ఆ రోజుల్లో టీకా పడితే ఆగదు, రక్షణ కుదరడానికి రెండు మూడు వారాలు కావాలి. పైగా ఒకే సూదితో మందంతా పొడిస్తే జ్వరం ఉన్న దాని నుంచి మంచి దానికి మనమే అంటించినట్టవుతుంది. రోగం పొడచూపిన ఊళ్లో బయటి మందల నుంచి మొదలుపెట్టి లోపలికి రావాలి, ప్రతి జీవానికీ సూది మార్చాలి, జ్వరం ఉన్నవాటిని విడిగా కట్టించాలి. మొదలుపెట్టే ముందే కాపరికి ఈ సంగతి చెప్పాలి. సంతలో కొత్తగా కొన్నవాటినీ, ప్రభుత్వ పథకం కింద బయటి నుంచి తెచ్చి పంచే గొర్రెలనూ బయల్దేరడానికి మూడు వారాల ముందే టీకా వేసి, వచ్చాక మరో మూడు వారాలు విడిగా ఉంచాలి. లారీ దించిన రోజు టీకా వేయడం ఫొటోకు పనికొస్తుంది, గొర్రెకు పనికిరాదు.

వచ్చే ఏడాది కొనుగోలు టెండరు పత్రం ఇంకా ఖరారు కాకముందే దాని ముసాయిదాను రైతు సంఘాలకు, గొర్రెల పెంపకందారుల సహకార సంఘాలకు, పొలంలో టీకా వేసే సిబ్బందికి చూపించండి. 40 డిగ్రీలు, 5 రోజులు, 25 డోసులు అన్న మూడు అంకెలు అందులో ఉన్నాయో లేదో మేము చూస్తాం. లేకపోతే ఎందుకు లేవో రాతపూర్వకంగా చెప్పమని అడుగుతాం. సీసాలు మండలాలకు చేరేది ఫిబ్రవరి నెలాఖరులోపు కావాలి. మార్చిలో పిల్లలకు నాలుగు నెలలు నిండుతాయి.

ఇట్లు,
గొర్రెలు, మేకల టీకాల పనిలో ఉన్న పశువైద్యులు, ప్రయోగశాల సిబ్బంది, పారావెట్లు